రాసి ఉన్న పేరు

నోటీసు బోర్డు మీద రిజల్ట్స్ పెడితే అందరం ముందు మన పేరే వెతుక్కుంటాం కదా. నేను చర్చిలోనూ అంతే. మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు. కంఠత వాక్యాలు రెండు భాషల్లోనూ అప్పజెప్పేదాన్ని. సండే స్కూల్లో ఏటా మొదటి బహుమతి నాదే. శ్రమల దినాల్లో ఎన్ని ఉపవాసాలున్నానో డైరీలో లెక్క రాసుకునేదాన్ని.

పోయిన ఏడాది స్టేజీ మీద వాక్యం సగంలో మరిచిపోయాను. దేవుడి దగ్గర కూడా మార్కులు తగ్గిపోయాయనిపించి ఇంటికొచ్చి ఏడ్చాను.

మా నాయనమ్మకి చదువు రాదు. పెన్షన్ కాయితం మీద వేలిముద్రే. ఆ రాత్రి నన్ను లూకా సువార్త పదో అధ్యాయం చదవమంది. దయ్యాలు కూడా తమకు లోబడుతున్నాయని డెబ్బైమంది శిష్యులు సంబరంగా తిరిగొస్తారు. దానికంటే మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అంటాడు యేసు.

"నా పేరు నేను రాసుకోలేను కదే. ఆయనే రాశాడు. నువ్వు వాక్యం మరిచిపోతే ఆయన రాసింది చెరిగిపోతుందా?" అంది.

ఈ ఏడాదీ పోటీకి పేరిచ్చాను. గెలిస్తే సంతోషమే. డైరీలో లెక్క మాత్రం మానేశాను.