దశాంశం పక్కన

ఆయనకి ప్రోస్టేట్ గ్రంథి తీసేసి 14 నెలలు. గ్రంథే లేదు కాబట్టి రక్తంలో పీఎస్ఏ దాదాపు సున్నా ఉండాలి. 0.2కి చేరి, రెండోసారీ అలాగే వస్తే జబ్బు తిరగబెట్టినట్టు. రిపోర్టు తెచ్చేది నేనే. ఆయన కవరు విప్పరు, నా మొహం చూస్తారు. అందుకని మెట్లమీదే మొహం సర్దుకుంటాను.

మూత్రం ఆగక మొదట్లో ప్యాడ్లు వాడారు. మందులషాపు కుర్రాడు వాటినీ నల్లకవర్లోనే పెట్టిచ్చాడు. ఇరవయ్యేళ్లు నెలనెలా నేను దాచుకున్నదేమిటో ఆయనకప్పుడు తెలిసింది. "ఎవరికీ చెప్పకు" అన్నారు. నా గర్భసంచి తీసేసినప్పుడు మాత్రం చుట్టాలందరికీ ఆయనే ఫోన్లు చేసి చెప్పారు!

పోయినసారి 0.04. నిన్న 0.08. మూడు నెలలాగి మళ్లీ చూద్దామన్నారు డాక్టరు. రాత్రి ఆయన అడిగారు, నీకు భయంగా లేదా అని. ఉందన్నాను.