తిట్టుకోవడానికో యజమాని

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులకు జూలై 1 పండగ రోజు. ఏడవలేక నవ్వుకునే పండగ. ఏటా ఆ రోజున బాబీ బొనీయా అనే మాజీ ఆటగాడికి జట్టు దాదాపు 11.9 లక్షల డాలర్లు చెల్లిస్తుంది. 2011లో మొదలైంది, 2035 దాకా సాగుతుంది. ఆయన ఆ జట్టుకు ఆఖరుసారి ఆడింది 1999లో! వదిలించుకునేనాటికి బాకీ 59 లక్షలు. అప్పుడే ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఎనిమిది శాతం వడ్డీతో తర్వాత ఇస్తామని కాగితం రాసిచ్చారు. యజమానుల్లో ఒకరైన ఫ్రెడ్ విల్పన్ సొమ్ము అప్పట్లో బెర్నీ మేడాఫ్ దగ్గర ఉండేది, అక్కడ అంతకన్నా ఎక్కువే గిడుతుందని ఆయన ధీమా అంటారు. పెట్టుబడుల పేరిట చేసిన భారీ మోసం బయటపడి 2008 డిసెంబరులో మేడాఫ్ అరెస్టయ్యాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అంత మహానగరపు జట్టూ చిల్లర లెక్కలతోనే నడిచింది.

న్యూయార్క్‌లో ఫ్లషింగ్ అంటే మనవాళ్లకు గణపతి గుడి, ఆ గుడి క్యాంటీన్‌లో దోశ. ఏడో నంబరు రైల్లో ఫ్లషింగ్ చివరి స్టేషనైతే దానికి ముందుది మెట్స్ మైదానం, సిటీ ఫీల్డ్. మావాళ్లు హోమ్ రన్ కొడితే సెంటర్ ఫీల్డ్ వెనక నుంచి పెద్ద ఎర్ర ఆపిల్ బొమ్మ పైకి లేస్తుంది. విల్పన్ల కాలంలో ఆపిల్ లేవని సాయంత్రాలకు కొదవ లేదు. అయినా ఇంటిదారిలో రైలంతా హుషారుగానే ఉండేది. ప్రతి ఓటమికీ కారణం సిద్ధంగా ఉండేది మరి: “వాడు డబ్బు తియ్యడు!”

2020లో స్టీవ్ కోహెన్ సుమారు 240 కోట్ల డాలర్లు పెట్టి జట్టును కొన్నాడు. లాంగ్ ఐలాండ్‌లో మెట్స్ అభిమానిగా పెరిగినవాడు. జనం బ్రహ్మరథం పట్టారు. ఆయన హెడ్జ్ ఫండ్ సంస్థ 2013లో ఇన్‌సైడర్ ట్రేడింగ్ నేరం ఒప్పుకుని 180 కోట్ల డాలర్లకు రాజీపడిన సంగతి స్టాండ్స్‌లో ఎత్తినవాణ్ని నేను చూడలేదు. సొమ్ము ఎక్కడ సంపాదించాడన్నది అభిమానికి అక్కర్లేదు, ఎక్కడ తగలేశాడో చాలు.

తగలేశాడు కూడా. ఐపీఎల్‌లో జట్టు ఖర్చుకు గట్టి పరిమితి ఉంటుంది. ఇక్కడ అలాంటిది లేదు, గీత దాటితే జరిమానా పన్ను కట్టాలంతే. ఆ పన్నులో కొత్తగా పెట్టిన పై మెట్టుకు జనం ఆయన పేరే తగిలించారు. 2023లో నలభై ఏళ్ల అంచున ఉన్న షెర్జర్, వెర్లాండర్ అనే ఇద్దరు పిచర్లకు తలా 4.33 కోట్ల డాలర్ల జీతం. ఆగస్టు మొదటివారం గడవకముందే ఇద్దర్నీ వేరే జట్లకు పంపేశారు. 162 ఆటల్లో 87 ఓటములు, పైగా పది కోట్ల డాలర్ల పన్ను. మరుసటి ఏడాది జట్టు బాగానే ఆడింది. ఆ డిసెంబరులో యాంకీస్ నుంచి హువాన్ సోటోను పదిహేనేళ్లకు 76.5 కోట్లిచ్చి తెచ్చుకున్నారు. సోటో తన వంతుగా 43 హోమ్ రన్లు కొట్టాడు. 2025 జూన్ మధ్యలో లీగ్ మొత్తంలో మెట్స్‌దే మెరుగైన రికార్డు. అక్కణ్నుంచి జారుడే. చివరి రోజు మయామీలో ఓడారు. అదేరోజు సిన్సినాటీ ఓడి, 83 గెలుపుల దగ్గర రెండు జట్లూ సమమయ్యాయి. ముఖాముఖి ఆటల్లో పైచేయి సిన్సినాటీది కావడంతో ప్లేఆఫ్స్ చోటు వాళ్లకు, మెట్స్ ఇంటికి.

ఆ సెప్టెంబరులో పై అంతస్తులో నా పక్క సీటాయన పెన్సిలుతో స్కోరు కార్డు నింపుకుంటున్నాడు. వాళ్ల నాన్న బ్రూక్లిన్ డాడ్జర్స్ మనిషట. 1957 సీజన్ కాగానే యజమాని జట్టును లాస్ ఏంజెలెస్‌కు తరలించుకుపోయాడు, ఇక్కడి మరో జట్టు జెయింట్స్ శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. ఆ రెండు జట్ల రంగులు, నీలం, నారింజ, కలుపుకుని 1962లో మెట్స్ పుట్టింది. మొదటి ఏడే 120 ఓటములు. అంటే ఈ అభిమానం మొదలే ఒక యజమాని మీద కోపంతో. “ఇదివరకు ఓడితే ఎవణ్ని తిట్టాలో తెలిసేది” అన్నాడాయన, కార్డు మీంచి తల ఎత్తకుండానే.

వాన లేదని సరిపెట్టుకునే మెట్ట రైతుకు కాలువ నీళ్లొచ్చాక కూడా పంట ఎండితే ఎలా ఉంటుందో, కోహెన్ వచ్చాక మెట్స్ అభిమానుల పరిస్థితి అలా ఉంది. డబ్బు పోశాడు, ఓడాక అభిమానులకు క్షమాపణ కూడా చెప్పాడు. అలాంటివాణ్ని నోరారా తిట్టడం కష్టం. యజమాని పిసినారితనం అభిమానికి ఎంత ఆసరాయో అది పోయాకగానీ తెలియలేదు.

2025 డిసెంబరులో పీట్ అలాన్సో బాల్టిమోర్ వెళ్లిపోయాడు. మెట్స్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడు, ఈ జట్టులోనే ఎదిగినవాడు, జనం సొంత మనిషి. అతన్ని నిలుపుకోలేదని మళ్లీ పాత మాటే లేచింది, “వాడు డబ్బు తియ్యడు!” ఒక్క ఆటగాడికి 76.5 కోట్లు రాసిచ్చిన మనిషి మీద! నాకు తెలిసినవాళ్లలో ఆ మాట అందరికన్నా గట్టిగా అన్నవాడే వచ్చే ఏప్రిల్ టికెట్లు ఎంత పెంచారని అడిగి, మూడు సీట్లు పక్కపక్కన దొరుకుతాయా అని ఆరా తీశాడు.