తుపాకీకి పాఠం ఎవరు చెప్పాలి?

చైనా సైనికుడి ప్రమాణం మొదలయ్యేది కమ్యూనిస్టు పార్టీ నాయకత్వానికి లోబడి ఉంటానన్న మాటతో. జనం, దేశం ఆ తర్వాతే. మన జవాను ప్రమాణం చేసేది రాజ్యాంగం మీద. అధికారంలో ఏ పార్టీ ఉందన్నది అందులో రాదు.

అక్కడిది 1929లో గుటియెన్ సమావేశం నాటి నుంచీ ఉన్న ఏర్పాటు. రెజిమెంటులో కమాండరుతో సమానంగా ఒక పొలిటికల్ కమిసార్ ఉంటాడు. మన భాషలో ఒక టీముకి ఇద్దరు మేనేజర్లన్నమాట. ఒకాయన పని చూస్తాడు, రెండో ఆయన మన బుర్రలో ఏముందో చూస్తాడు :) నవ్వులాటకేం గానీ, 1989లో బీజింగ్ విద్యార్థుల మీదకి సైన్యాన్ని నడిపించనన్న 38వ ఆర్మీ కమాండర్ షూ చిన్‌షియన్‌ని జైల్లో పెట్టారు. మిగతావాళ్లు వెళ్లారు, కాల్చారు.

ఇదంతా చైనా గోల, మనకెందుకంటారా? మా మేళ్లచెరువు ఇప్పుడు సూర్యాపేట జిల్లా, సాయుధ పోరాటం నాడు నల్లగొండ జిల్లా. అప్పటి దళాలు సైన్యమూ కాదు, వాటి వెనక రాజ్యమూ లేదు. కానీ తుపాకీ పట్టినవాడికి పాఠం చెప్పింది పార్టీయే. ఆ పాఠాన్ని బ్రెయిన్‌వాష్ అని నేను కొట్టిపారెయ్యను. తరతరాలుగా వెట్టి చేసినవాడికి "ఈ భూమి నీది, దొర కాళ్లు మొక్కకు" అని చెప్పడం తప్పెలా అవుతుంది?

చిక్కల్లా 1948 సెప్టెంబర్ 17 తర్వాత వచ్చింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్లు పోయారు. ఇక ఆపుదామని రవి నారాయణరెడ్డి లాంటివాళ్లన్నారు. పార్టీ లైను మాత్రం కొనసాగించమంది. నిన్నటిదాకా రజాకారు మీద గురిపెట్టిన కుర్రాడు ఇవాళ భారత సైన్యం మీద పెట్టాలి. శత్రువెవరో తేల్చింది పై కమిటీ. అడవిలో ఉన్నవాడికి చేరింది నిర్ణయం మాత్రమే. వాడికి పార్టీయే బడి, పార్టీయే ఇల్లు. కాదనే మాట ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు?

మరో మూడేళ్లు సాగింది. 1951 అక్టోబర్లో విరమణ కూడా పార్టీ తీర్మానమే. మొత్తం పోరాటంలో చనిపోయింది నాలుగు వేల మందని సుందరయ్య గారి లెక్క. అందులో చాలామంది నిజాం లొంగాక పోయినవాళ్లే.

ఆపుదామన్న రవి నారాయణరెడ్డి గారు తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి నిలబడితే నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. మావైపు ఆ గెలుపు గురించి ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఆ మూడేళ్లలో పోయిన కుర్రాళ్లకి స్తూపాలున్నాయి. వాళ్లని ఎవరైనా ఒక్క మాట అడిగారా అని మాత్రం ఎవరూ మాట్లాడరు.