మైకల్ కొండకు ఒంటరిగా వద్దు

తెల్లవారుజామున అయిదు గంటలు. బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో బట్టల దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. పోహా, జిలేబీ బండి దగ్గర మాత్రం పొయ్యి వెలిగింది. దాని చుట్టూ ఎనిమిది సైకిళ్లు. వచ్చినవారిలో ముగ్గురు రైల్వే కాలనీ తెలుగువాళ్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబాల మనవలు. వారి మాటల్లో విజయనగరం యాస ఎంతుందో, ఛత్తీస్‌గఢీ అంతే ఉంది.

వీళ్లకు సైకిలు కొత్త కాదు, కొండే కొత్త. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ వరిపొలాలు, తిన్నని రోడ్లు. నర్మద పుట్టిన అమర్‌కంటక్ 1,000 మీటర్ల పైమాటే. రతన్‌పూర్, కెందా, కెంవచి మీదుగా వెళితే 100 కిలోమీటర్లు దాటుతుంది. అచానక్‌మార్ అడవి దారి కూడా ఉంది కానీ, 2009లో పులుల అభయారణ్యమైన ఆ చోట సైకిలు విన్యాసాలు అనవసరం.

మైదానంలో తొక్కేవాడిని కొండ దగ్గర ఆపేది కాళ్లు కాదు, సిగ్గు. అందరూ వెళ్లిపోయి తానొక్కడే మిగిలిపోతానేమోనన్న బెంగ. జట్టులో అందరూ మావయ్యా అని పిలిచే రిటైర్డ్ లోకో పైలట్ దానికి రైల్వే భాషలోనే జవాబు చెప్పారు. ఘాట్ ఎక్కే గూడ్సుకు వెనక బ్యాంకర్ ఇంజను తగిలించడం మామూలే, అందుకు ఏ బండీ చిన్నబోదన్నారు. ఆయన చివరన వస్తారు, ఎవరూ ఆయనకంటే వెనకపడరు. నియమం అంతే. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన బ్రెవే పోటీ కాదిది (అదీ పోటీ కాదని దాని అభిమానులు వాదిస్తారు, వారి ముఖాలు చూస్తే నమ్మబుద్ధి కాదు).

కెందా దాటాక ఘాట్. రోడ్డుకు అటూ ఇటూ సాల వృక్షాలు. మైదానపు అలవాటు కొద్దీ పెద్ద గేరులో బలంగా తొక్కి, రెండు మలుపులకే నా ఊపిరి అయిపోయింది. ఏటవాలు మొదలవక ముందే చిన్న గేరుకు మారాలి, చక్రం నెమ్మదిగా తిరిగినా కాళ్లు చకచకా తిరగాలి. పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టే. కబుర్లాడుతూ ఎక్కే జట్టుకు ఇంతకుమించిన కొలమానం అక్కర్లేదు. మూడో మలుపులో నేను దిగి నడిచాను. మావయ్యా దిగారు, ఏమీ అనలేదు.

అసలు జాగ్రత్త మర్నాడు కావాలి. అమర్‌కంటక్ నుంచి పెండ్రా రోడ్ స్టేషన్‌కు దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో వదలాలి. జట్టు విడిపోయి, మధ్య ఖాళీ వదిలి దిగాలి. ఎక్కేటప్పుడు కూడగట్టిన స్నేహం దిగేటప్పుడు పది మీటర్ల దూరం పాటించాలన్నమాట.

మరీ భయమైతే మొదటిసారి సైకిలును లగేజీ వ్యాన్‌లో వేసి పెండ్రా రోడ్ దాకా రైల్లో రావచ్చు. దాదాపు సగం ఎత్తు ఇంజనే ఎక్కిస్తుంది. 1891 నాటి కట్నీ లైను ఇది, భన్వర్‌టోంక్ ఘాట్ గుండా వస్తుంది.

కెంవచి ధాబాలో ముందు చేరినవాళ్లు మా కోసం గంటసేపు కూర్చున్నారు. టీ మూడోసారి కాచినట్టుంది. గ్లాసులు లెక్కపెడితే ఎనిమిది. మా ఇద్దరివీ మూతపెట్టి ఉంచారు.