నా చేతులు

విశాఖపట్నంలో ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ల దగ్గర నిలబడి తినేవాళ్లకి మంట కనబడుతుంది. మాస్టరు కడాయి ఎగరేసి పట్టుకోవడం కనబడుతుంది. వెనకాల వున్న నేను కనబడను. 2009 నుంచి 2012 దాకా నేను ఆ వెనకాలే వున్నాను. జగదాంబ సెంటర్ దాటిన ఒక సందులో, రేకుల షెడ్డు కింద.

పనిలో చేరిన రోజు ఓనరు మూడు ప్రశ్నలడిగాడు. ఏ వూరు? ఇంటిపేరేటి? వూర్లో మీ ఇల్లు ఎటేపు? మూడోదానికి జవాబు చెప్పాక నాలుగోది లేదు. వొంట్లో జొరమేమైనా వుందా, చేతుల మీద పుండ్లేమైనా వున్నాయా అని అడగలేదు. "స్టవ్వు కాడికి రాకు. ఎనకాల పని సూసుకో" అన్నాడు. వండడానికి పనికిరాని చెయ్యి తరగడానికి మాత్రం పనికొచ్చింది. తరిగేది కస్టమర్లకి కనబడదు గదా. పైగా ఇంకో మనిషిని పెడితే ఇంకో జీతం.

మాది అనకాపల్లి అవతల పల్లె. మా మాలపేటకి నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చుకోవాలి. అలా మోసిన నీళ్లతోనే మా మామ్మ, బూడిదతో తోమిన గిన్నెని రెండుసార్లు తొలిచేది. షెడ్డులో మునిసిపల్ కుళాయి పొద్దున్న గంటసేపు వొచ్చేది. రెండు డ్రమ్ములు నిండితే ఆ రోజుకి అవే నీళ్లు. ప్లేట్లకి మూడు టబ్బులు. మొదటిది సర్ఫు నీళ్లు, మిగతా రెండూ తొలిచే నీళ్లు. రాత్రి తొమ్మిదయ్యేసరికి మూడింటికీ తేడా వుండేది కాదు. నా వేళ్ల సందులు ఒరిసిపోయి పగిలేవి. మసిగుడ్డ ఒకటే. దాంతోనే బల్ల, దాంతోనే ప్లేటు, దాంతోనే మాస్టరు చెమట. కస్టమర్లకి బయట వాష్‌బేసిను వుండేది. మాకు లోపల లేదు. నేను అక్కడికెళ్లి చేతులు కడుక్కుంటే "అందరూ సూత్తన్నారు, ఎనక్కి పో" అనేవాడు ఓనరు.

టబ్బుల వెనకాల కాలవ గుంట. వారానికి రెండుసార్లయినా మూసుకుపోయేది. షెడ్డులో అయిదుగురం పనిచేసేవాళ్లం. కాలవ నిండితే మాత్రం ఒక్కడి పేరే వినబడేది. మోచేతి దాకా చెయ్యి పెడితే గానీ అందదు. గడ్డకట్టిన నూనె జిడ్డు, కోడి తుక్కు, మెతుకులు. అదంతా తీసి, డ్రమ్ములోంచి ఒక మగ్గు నీళ్లు పోసుకుని క్యాబేజీ ముందు కూచునేవాణ్ణి. రెండో మగ్గు ముంచితే అరుపు. సబ్బడిగితే సర్ఫు టబ్బులో ముంచుకోమన్నాడు. కాలవ నాకు కులం వల్ల వొచ్చింది. క్యాబేజీ ఓనరు పిసినారితనం వల్ల వొచ్చింది. రెండూ ఒకే చేతుల మీదుగా ప్లేటులోకి పోయేవి.

అన్నం సంగతి కూడా చెప్పాలి. ఫ్రైడ్‌రైస్‌కి వేడన్నం పనికిరాదు, ముద్దయిపోతుంది. అందుకని మధ్యాన్నం పన్నెండుకి వండి, పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఆరబెట్టి, గుడ్డ కప్పేవాళ్లం. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా అందులోంచే. ఫ్రిజ్ వుండేది గానీ అందులో కూల్‌డ్రింకులకీ చికెన్‌కీ చోటు. సముద్రం పక్కన వూరు, విశాఖ వుక్క సంగతి మీకు తెలుసు. మిగిలిన అన్నం మరునాటి అన్నంలో కలిసేది. వాసన తేడాగా వుంటే మాస్టరు సోయాసాసు ఇంకాస్త వేసేవాడు.

2012 సెప్టెంబరులో ఒక రాత్రి మా పేట కుర్రాడొకడు వొచ్చాడు. ఎస్సీ హాస్టల్లో వుండి డిగ్రీ చదివేవాడు. స్కాలర్‌షిప్పు డబ్బులొచ్చాయని ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. "అన్నా, నువ్వు పన్జేసినకాడే తిందామని వొచ్చినాం" అన్నాడు.

మావాళ్లు హోటల్లో కుర్చీ లాక్కుని కూచుని తినడం చిన్న సంగతి కాదు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని పేరుపెట్టి మరీ రాయాల్సొచ్చింది. మా అయ్య చిన్నతనంలో వూళ్లో టీ బడ్డీ కాడ ఆయనకి వేరే గ్లాసు. అందుకే ఆ ముగ్గురూ కూచుంటే నాకు ఛాతీ వుబ్బింది. టబ్బు అడుగున నిన్నటి అన్నం కలిసి వుందని నాకు తెలుసు. సాయంత్రమే కాలవ తీశానని తెలుసు. చెబితే పని పోతాది. అంతకన్నా, నేను పనిచేసే చోటు ఇలాంటిదని వాళ్ల ముందు ఒప్పుకోవడం సిగ్గనిపించింది. మూడు ఎగ్ ఫ్రైడ్‌రైస్‌లూ నేనే పట్టుకెళ్లి పెట్టాను. నావాళ్లు గదా అని ఆ ఒక్క రాత్రి ఓనరు నన్ను ముందుకి రానిచ్చాడు.

రెండు గంటలు తిరక్కుండా ముగ్గురికీ వాంతులు. కె.జి.హెచ్‌.లో చేర్చి సెలైన్లు ఎక్కించారు. రెండు రోజులకి లేచి కూచున్నారు గానీ ఆ రాత్రి మాకవి తెలీవు. హాస్టల్ కుర్రాళ్లు పదిమంది షెడ్డు ముందుకొచ్చారు. ఓనరు వాళ్లతో అన్న మాట వెనకనుంచి విన్నాను. "మావేటీ సెయ్యలేదు బాబూ. ఆడి సేతులే. కాలవలో ఎట్టిన సేతుల్తోటే తరిగీసినాడు. ఎంత సెప్పినా ఆళ్లకి సుబ్బరం రాదు." ఎదురుగా వున్నది ఎస్సీ హాస్టలు పిల్లలని కూడా మర్చిపోయాడు. ఆ చేతుల్ని కాలవలో పెట్టించిందెవరని వాళ్లడగలేదు. నేనూ నోరెత్తలేదు. ఇద్దరు కుర్రాళ్లు మాత్రం నా చేతులకేసి చూశారు. మరునాడు నాకు పని లేదు.

ఆరేళ్లు నేను ఓనరు మాటే నమ్మాను. అన్నం కలిపేటప్పుడు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాణ్ణి. పిల్లకి ముద్ద పెట్టాలంటే చెంచా తీసేవాణ్ణి.

2018లో నేను పనిచేసే క్యాంటీన్‌లో ఆహార భద్రత మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. చెప్పడానికొచ్చినాయన అన్నం దగ్గర ఆగాడు. బాసిల్లస్ సెరియస్ అని ఒక క్రిమి వుందన్నాడు. బియ్యంతోనే వొస్తుంది, అన్నం వుడికినా దాని బీజాలు చావవు. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య గంటల తరబడి వుంచితే మొలిచి విషం చేస్తాయి. ఆ విషం తర్వాత కడాయిలో ఎంత మంట పెట్టినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. నాకు వొళ్లంతా చెమట పట్టింది. మా మామ్మ తరవాణి కుండ గుర్తొచ్చి లేచి, "మరి సద్దన్నం తింటాం కదండీ?" అన్నాను. పులిస్తే ఆ పులుపే చాలా క్రిముల్ని పెరగనివ్వదన్నాడు. చల్లగా పెట్టక, వేడిగా వుంచక, పులవనివ్వక వొదిలేసిన అన్నంతోటే ప్రమాదమట.

టీ తాగేటప్పుడు ఆయన పక్కకి చేరి ఇంకోటి అడిగాను. చేతుల వల్ల ఇలా జరగదా? జరుగుతుందన్నాడు. స్టెఫైలోకాకస్ అని మరోటి వుంది. పగిలిన చేతుల్లో, పుండ్లలో వుంటుంది. అది చేసే విషం కూడా కొద్ది గంటల్లోనే వాంతులు చేయిస్తుంది. అందుకే పుండున్న మనిషిని తిండి ముట్టనివ్వకూడదు, ఏడాదికోసారి వైద్యపరీక్ష చేయించాలి, లోపల చేతులు కడుక్కునే చోటుండాలి అని రూలు రాశారన్నాడు. ఆహార భద్రత చట్టం 2006 నాటిది. 2011 ఆగస్టులో అమల్లోకొచ్చింది. నేను కాలవలో చెయ్యి పెట్టినప్పుడు అది అమల్లోనే వుంది.

2024లో హైదరాబాదులో అధికారులు హోటళ్ల వంటగదుల్లోకి దిగారు. బొద్దింకలు, తలకి టోపీ లేని పనివాళ్లు, వైద్య సర్టిఫికెట్లు లేకపోవడం, మూసుకుపోయిన కాలవలు, అన్నీ రాసి బయటపెట్టారు. ఆ అక్టోబరులో మోమోలు తిన్న ఒకామె చనిపోయాక, పచ్చిగుడ్డుతో చేసే మయొనైజుని తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మంచి పనే. ఆ జాబితాలు పేపర్లో దొరికినవన్నీ చదివాను. కాలవ మూసుకుపోయిందని వుంటుంది. తీసేవాడెవడు, తీశాక వాడికి సబ్బిచ్చారా, వాణ్ణే మళ్లీ తరగడానికి కూచోబెట్టారా అనేది నేను చదివిన వాటిలో లేదు.

ఆ కుర్రాడికిప్పుడు వుద్యోగముంది. పేటకొస్తే మా ఇంటికొచ్చి, నేనిచ్చిన మంచినీళ్లు తాగి వెళతాడు. ఒకసారి అన్నం సంగతి, క్రిముల సంగతి మొదలుపెట్టాను. "పోనీలే అన్నా, నీ తప్పేటుంది" అన్నాడు. నాకది చాలలేదు. ఏదో ఒకటి తేలాలంటే ఆ అన్నం పరీక్షకి వెళ్లి వుండాల్సింది. ఆ రాత్రి టబ్బులో ఇంకా రెండు కిలోలుంది. కె.జి.హెచ్. నుంచి ఫోను రాగానే, హాస్టల్ కుర్రాళ్లు రాకముందే, "పారబోసీరా" అన్నాడు ఓనరు. గుంట మూత తీసి పోశాను. మెతుకులు అడ్డుపడి నీళ్లు పైకొచ్చాయి. మళ్లీ చెయ్యి పెట్టి తీశాను.