కెతుత్ కనబడటం లేదు!

బాలి ద్వీపంలో ఏ సంతలోనో నిలబడి 'వయాన్!' అని ఓసారి గట్టిగా కేకేసి చూడండి. కొబ్బరిబోండాలు కొట్టే కుర్రాడు తలెత్తుతాడు. ట్యాక్సీడ్రైవరు కిటికీలోంచి తొంగిచూస్తాడు. పూలమ్మే ముసలావిడ కూడా వెనక్కి తిరుగుతుంది. ఎవర్ని పిలిచారో తెలీక అందరూ మీవంకే చూస్తుంటే ఓ నవ్వు నవ్వి ఊరుకోవాల్సిందే.

అంతమందికి ఒకటే పేరేమిటి అంటారా? అక్కడ మొదటిబిడ్డ పేరు వయాన్. రెండోబిడ్డ మదే. మూడోబిడ్డ న్యోమన్. నాలుగోబిడ్డ కెతుత్. అబ్బాయైనా అమ్మాయైనా అంతే. మరి ఐదోబిడ్డ పుడితే? మళ్లీ మొదటికి... అంటే మళ్లీ వయాన్! ఇంట్లో అప్పటికే ఓ వయాన్ ఉంటాడు కాబట్టి తికమక లేకుండా పక్కన 'బాలిక్' అని చేరుస్తారు. తిరిగి వచ్చినవాడు అని అర్థం. ఆరోబిడ్డ మదే, ఏడోబిడ్డ న్యోమన్... చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

ఈ పేర్లలో మనకు చుట్టరికం ఉన్న మాట ఒకటి ఉంది. మదే అంటే సంస్కృతంలోని 'మధ్య'. మన ఇళ్లలో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుచుకుంటామే, ఆ నడిపోడే ఈ మదే. వయాన్ అంటే పెద్దవాడని. ఇక కెతుత్ అంటే అత్తం చివర మిగిలే చిన్న అరటిపండని అక్కడివాళ్లు సరదాగా చెబుతారు. మనకైతే అవి ముద్దుపేర్లు. బాలిలో అవే రికార్డుల్లోకెక్కే అసలు పేర్లు. కావాలంటే కాస్త మార్చుకోవచ్చు. వయాన్‌కు బదులు పుతు అనో గెదె అనో పెట్టుకోవచ్చు. మదేకు బదులు కదెక్, న్యోమన్‌కు బదులు కొమంగ్. పాపం, కెతుత్‌కే మారుపేరు లేదు. నాలుగోబిడ్డ అంటే కెతుతే.

పేరు వింటే చాలు!

అబ్బాయైతే పేరుకు ముందు 'ఇ' అని, అమ్మాయైతే 'ని' అని వస్తుంది. ఇ వయాన్ అంటే పెద్దకొడుకు, ని వయాన్ అంటే పెద్దకూతురు. కులాన్నిబట్టి బిరుదులూ ఉన్నాయి. ఇద బగుస్ అంటే బ్రాహ్మణుల అబ్బాయి, ఇద ఆయు అంటే వాళ్ల అమ్మాయి. అనక్ అగుంగ్, చొకొర్ద అంటే రాచకుటుంబాలవాళ్లు. బాలి విమానాశ్రయానికి పెట్టిన ఇ గుస్తి ఙురా రాయ్ పేరులో 'గుస్తి' కూడా అలాంటిదే. డచ్చి సైన్యంతో పోరాడుతూ 1946 నవంబరులో ప్రాణాలర్పించిన యోధుడాయన. జనంలో ఎక్కువమందికి మాత్రం ఏ బిరుదూ ఉండదు... వట్టి వయానూ, వట్టి మదేనే.

అన్నిటికన్నా మనల్ని ఆశ్చర్యపరిచేది మరొకటుంది. వాళ్లకు ఇంటిపేరు లేదు! అన్న పేరుకీ తమ్ముడి పేరుకీ, తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ పొంతన ఉండాల్సిన పనిలేదు. మనం పేరు వినగానే 'ఏ ఇంటివాడు?' అని ఆరా తీస్తాం. వాళ్లకు పేరు వినగానే 'ఎన్నోవాడు?' అన్నది తెలిసిపోతుంది.

మరి తల్లిదండ్రులు ఎంచుకునేదేమీ లేదా? ఉంది. వయాన్, మదేల పక్కన ఇంకో సొంతపేరు పెడతారు. ఇప్పుడైతే సంస్కృతం పేర్లూ, ఇంగ్లిషు పేర్లూ కూడా వస్తున్నాయి. పాతరోజుల్లో పద్ధతే వేరు. 1950ల్లో అక్కడ ఉండి పరిశోధన చేసిన అమెరికా మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ ఈ పేర్ల గురించి 1966లో వివరంగా రాశాడు. ఆ సొంతపేరుకు అర్థమంటూ ఉండేది కాదట. ఊళ్లో ఇంకెవరికీ లేని పేరైతే చాలట.

ఎవరికీ లేని పేరు! పుస్తకాలు తిరగేసి, జన్మనక్షత్రం అక్షరం కుదిరిందో లేదో చూసి, సంఖ్యాశాస్త్రం కోసం ఒక అక్షరం అటూ ఇటూ చేసి మనం ఇవాళ వెతుక్కుంటున్నదీ అదేగా. తేడా ఏమిటంటే, మనం అలా కష్టపడి పెట్టుకున్న పేరును నలుగురూ పిలవాలనుకుంటాం. బాలిలో ఆ పేరుతో పిలిచేవాళ్లే అరుదు. పెద్దవాళ్లను అలా పిలవడం మర్యాద కాదు. చిన్నప్పుడంతా వయాన్ అనో కెతుత్ అనో పిలుస్తారు. పెళ్లయి బిడ్డ పుట్టాక ఆ పిలుపూ పోతుంది. బిడ్డ పేరుతో ఫలానావాడి నాన్న, ఫలానావాడి అమ్మ అయిపోతారు. అంటే బిడ్డకు పేరు పెట్టినరోజే తల్లిదండ్రులకూ కొత్తపేరు వస్తుందన్నమాట. మనవడు పుడితే ఫలానావాడి తాత. మునిమనవణ్ని చూసేదాకా బతికితే 'కుంపి'. తమాషా ఏమిటంటే ముత్తాత ఆ పసివాణ్ని పిలిచేదీ 'కుంపి' అనే! ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరికీ ఒకటే మాట. మన పల్లెల్లోనూ మొగుణ్ని పేరుపెట్టి పిలవలేని ఇల్లాలు 'మా పెద్దోడి నాన్న' అని చెప్పుకునేదిగానీ, వాళ్లంతగా మనం దాన్ని పట్టించుకోలేదు.

105 రోజులు నేలమీద పెట్టరు

బాలిలో బిడ్డ పుడితే మొదట చేసే పని, మాయను కడిగి కొబ్బరిచిప్పలోనో కుండలోనో పెట్టి ఇంటి గుమ్మం బయట పాతిపెట్టడం. అబ్బాయైతే గుమ్మానికి కుడిపక్క, అమ్మాయైతే ఎడమపక్క. దానిమీద రాయి పెట్టి, దీపం వెలిగిస్తారు. బిడ్డతోపాటు నలుగురు తోబుట్టువులు పుడతారని వాళ్ల నమ్మకం. ఉమ్మనీరు, నెత్తురు, ఒంటిమీది తెల్లటి పూత, మాయ... ఆ నలుగురూ వాణ్ని జీవితాంతం కనిపెట్టుకుని ఉంటారట.

మూడు నెలలు నిండేదాకా బిడ్డ పాదం నేలకు తగలనివ్వరు. వాళ్ల లెక్కలో నెలంటే 35 రోజులు. అంటే 105 రోజులు ఎవరో ఒకరి చేతుల్లోనే ఉంటాడు. అప్పటిదాకా వాడు దేవుళ్ల దగ్గరివాడు, మట్టికి తగలకూడదు. ఆ తర్వాత వేడుక చేసి, పాదాలు నేలకు ఆనిస్తారు. 210 రోజులకు మొదటి పుట్టినరోజు. వాళ్ల పంచాంగంలో ఏడాదికి అన్నే రోజులు.

ఇంతకీ పుట్టింది ఎవరు? ఇదీ వాళ్లకు ముఖ్యమైన ప్రశ్నే. పోయిన పెద్దల్లో ఒకరు మళ్లీ ఆ ఇంటికే వస్తారని నమ్ముతారు. వచ్చిందెవరో తెలుసుకోవడానికి పూనకంలో చెప్పేవాళ్ల దగ్గరికి వెళతారు. మనకు ఆ వెతుకులాట అక్కర్లేదు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టేసి 'మా నాన్నే మళ్లీ పుట్టాడు' అనుకుంటాం. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో ఆ పేరు రాసినప్పుడు నాయనమ్మ కళ్లు చెమ్మగిల్లేది అందుకేగా!

పేరు మారిస్తే రాత మారుతుందన్న నమ్మకం మనకొక్కరికే ఉందనుకుంటే పొరపాటు. బాలి విమానాశ్రయం బయట ఘటోత్కచుడు కర్ణుడితో తలపడుతున్న భారీ విగ్రహం ఉంది. మాయాబజార్ చూసి పెరిగిన తెలుగువాళ్లు అక్కడ ఆగకుండా వెళ్లలేరు. ఆ కర్ణుడి పేరే ఇండోనేషియా తొలి అధ్యక్షుడిదీ. సుకర్ణో తండ్రి జావా ద్వీపానికి చెందిన బడిపంతులు. తల్లి బాలి బ్రాహ్మణ స్త్రీ, పేరు ఇద ఆయు న్యోమన్ రాయ్. ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది... న్యోమన్ అంటే మూడోబిడ్డ పేరు. 1901లో పుట్టిన ఆ పిల్లాడికి మొదట పెట్టిన పేరు కుస్నో. అస్తమానం జబ్బుపడుతుంటే, ఆ పేరు వాడికి పడలేదని తండ్రి మార్చేశాడు. మహాభారతమంటే ప్రాణం కాబట్టి కర్ణుడి పేరు తీసుకున్నాడు. ముందు 'సు' చేర్చాడు, మంచి అని. చివరి అకారాన్ని జావా వాళ్లు ఓకారంలా పలుకుతారు కాబట్టి సుకర్ణుడు కాస్తా సుకర్ణో అయ్యాడు. ఒంటిపేరుతోనే దేశాన్ని ఏలాడు. ఇప్పుడైతే కుదరదు. కొత్తగా నమోదయ్యే పేర్లలో కనీసం రెండు మాటలుండాలనీ, మొత్తం 60 అక్షరాలు దాటకూడదనీ ఇండోనేషియా ప్రభుత్వం 2022లో నిబంధన పెట్టింది. బాలివాళ్లకు దాంతో ఇబ్బంది లేదు. వయానో మదేనో ఒక మాట ఎలాగూ ఉంటుంది!

నాలుగో పేరుకు గండం

ఇప్పుడు అసలు సంగతి. బాలిలో కెతుత్‌లు తగ్గిపోతున్నారు. న్యోమన్‌లూ తగ్గుతున్నారు. కారణం చెప్పనక్కర్లేదు... ఇద్దరితో ఆపేస్తున్నారు.

ఇండోనేషియా 1970లో కుటుంబ నియంత్రణకు ప్రత్యేక సంస్థను పెట్టింది. మనకు ఎర్ర త్రికోణం, 'మేమిద్దరం మాకిద్దరు' ఎలాగో, వాళ్లకు 'ఇద్దరు చాలు' అన్న నినాదం అలాగ. ఆ రోజుల్లో ఐదు రూపయ్యల నాణెం మీద కూడా అమ్మా నాన్నా ఇద్దరు పిల్లల బొమ్మ వేశారు. బాలి ఆ మాటను దేశంలో అందరికన్నా శ్రద్ధగా విన్నది. అక్కడ ప్రతి పేటకూ 'బంజర్' అనే సంఘం ఉంటుంది. పెళ్లయిన ప్రతి మగవాడూ అందులో సభ్యుడే. గుడి పనైనా, శవదహనమైనా బంజరే నడిపిస్తుంది. ఆ సంఘాల సమావేశాల్లోనే ఏ ఇంట్లో ఏ గర్భనిరోధక పద్ధతి వాడుతున్నారో లెక్క చెప్పించుకునేవారు. ఇంటింటికీ రంగులేసిన పటాలు గోడకు తగిలించేవారు. ఇంకేముంది, ఒక తరం తిరిగేసరికి వయాన్, మదేలతో ఇల్లు నిండిపోయింది.

2019 జూన్‌లో బాలి గవర్నరు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఇద్దరు చాలన్న ప్రచారం ఆపండి, నలుగురిదాకా కనే హక్కు బాలి కుటుంబాలకు ఉందని చెప్పండి అని దాని సారాంశం. న్యోమన్, కెతుత్ పేర్లు అంతరించిపోకూడదన్నది ఆయన బాధ. అన్నట్టు ఆ గవర్నరు పేరు వయాన్ కోస్టర్. ఆయనే 2025లో రెండోసారి పదవిలోకి వచ్చారు. మూడో, నాలుగో బిడ్డలకు ప్రోత్సాహకాలిస్తామన్నారు.

పేరు కోసం పిల్లల్ని కనమనడమేమిటని నవ్వొస్తుంది. కానీ 2020 లెక్కల ప్రకారం ద్వీపం జనాభా 43 లక్షలు. బయటినుంచి బతకడానికి వచ్చేవాళ్లు పెరుగుతున్నారు. ఇంట్లో గుడినీ, బంజర్‌లో బాధ్యతనీ అందుకోవాల్సింది కొడుకే. కొడుకు లేకపోతే అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకోవాలి, దానికి అందరూ ఒప్పుకోరు. ఆయన భయం వట్టిది కాదు. జనాభా తగ్గిపోతోందన్న బెంగ మనకూ మొదలైంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది.

అయినా నలుగుర్ని మోసేదీ కనేదీ వాళ్ల చదువుల ఫీజుల కోసం రాత్రింబవళ్లు హోటళ్లలో పనిచేసేదీ ఎవరు? కెతుత్‌ను కనాలా వద్దా అన్నది ఆ తల్లే తేల్చుకోవాలి, ఉత్తర్వు కాదు.

ఇక్కడే గీర్ట్జ్ చెప్పిన ఇంకో సంగతి గుర్తుచేసుకోవాలి. పాతకాలంలో ఈ వరుసపేరు పుట్టిన మరుక్షణమే వచ్చేసేది. బిడ్డ చనిపోయి పుట్టినా సరే! పురిట్లోనే పోయిన వయాన్ కూడా వయానే. తర్వాతవాడు మదేనే తప్ప, ఖాళీ అయిన పేరులోకి జరగడు. పసిపిల్లలు ఎక్కువగా చనిపోయే రోజుల్లో, ఇంట్లో ఒక్కడే పిల్లాడుండి వాడి పేరు కెతుత్ అయితే, ముందు పుట్టిన ముగ్గురి సంగతీ ఆ పేరే చెప్పేది. మనవాళ్లు అదే దుఃఖానికి మరోదారి వెతికారు. వరసగా పిల్లలు పోతుంటే, బతికిన మగబిడ్డను పెంటకుప్పమీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అన్నారు. ఇంత పనికిమాలిన పిల్లాణ్ని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుందిలే అని! ఆ పేర్లు ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా? పిల్లలు బతుకుతున్నారు కాబట్టి పెంటయ్య వెళ్లిపోయాడు. కెతుత్ వెళ్లిపోవడంలోనూ కొంత అదే ఉంది. వయానూ మదేనూ బతుకుతారన్న ధైర్యం వచ్చింది కాబట్టే అమ్మానాన్నలు ఇద్దరితో ఆగగలిగారు.

ఈసారి బాలి వెళ్లినప్పుడు కెతుత్ అనే పెద్దాయన ఎక్కడైనా తారసపడితే కాసేపు కూర్చుని మాట్లాడండి. అన్నల పేర్లూ అక్కల పేర్లూ అడగక్కర్లేదు, అవి మీకు తెలిసినవే. వాళ్లలో ఎందరు బతికి బట్టకట్టారన్నది మాత్రం ఆయన చెప్పాల్సిందే.