కుర్చీయు, కూర్చుండువారును

"కూర్చుండి తిన్న కొండలైనను తరుగును" అని మన పెద్దల సామెత. కూర్చుండుట యనిన సోమరితనమనియు, నిలువబడి చెమటోడ్చుటయే కష్టమనియు మనవారిలో నొక తలంపు కలదు. కాని కూర్చుండి సంపాదించి తినువారి సంగతి యేమి? అంబత్తూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో లెక్కలు వ్రాయు గుమాస్తాలు, కుట్టుమిషను లెదుట పనిచేయు స్త్రీలు, కంప్యూటరు ముందర దినమంతయు గడపు యువతీ యువకులు ఎందరో కలరు. వీరందరికిని కూర్చుండుటయే పని. కావున కుర్చీ వీరికి అలంకారము కాదు, పనిముట్టు.

ఇది క్రొత్త మాట కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో నొక గ్రంథము వెలువరించి, 1713 నాటి కూర్పులో వ్రాయసగాండ్రను గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే తీరున కదల్చుచుండుట, తప్పు దొరలునేమో యని మనస్సును బిగబట్టుకొనుట, ఈ మూడును వారి బాధలకు కారణములని ఆయన కనిపెట్టెను. మూడువందల యేండ్లు గడచినవి. కలము పోయి కీబోర్డు వచ్చినది. కారణములు మాత్రము ఆ మూడే.

మేము ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, ఇచ్చటి ఎస్టేటులోని యొక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి రిటైరైన వారము. కుర్చీలు కొనుటకు వేయు ఇండెంటు కాగితములు మా బల్లమీదుగనే పోవుచుండెడివి. ఆ కాగితమున సంఖ్య, రంగు, ధర యను గడులుండెను. కూర్చుండువారి పొడవునకు గడి లేదు. హోదాను బట్టి కుర్చీ వచ్చెడిది. దినమునకు రెండు గంటలైనను స్థిరముగా కూర్చుండని యధికారికి మెత్తనిది, ఎనిమిది గంటలు కదలని మావంటి వారికి ఇనుపది. మాతో పనిచేసిన టైపిస్టు సోదరి యొకతె పొట్టి మనిషి. ఆమె పాదములు నేలకానక వ్రేలాడుచుండెడివి. కొన్నాళ్ళకు నడుమునొప్పి పట్టుకొన్నది. ఉన్న సెలవులు చాలక జీతము తెగినది. ఆమె దేహమే బలహీనమని పైవారు తీర్మానించిరే కాని, కుర్చీ వంక ఎవరును చూడలేదు. తుదకు పాత చెక్క పెట్టె నొకదానిని కాళ్ళక్రింద వేసికొనగా నామెకు ఊరట కలిగినది. దానికి కాణి ఖర్చు కాలేదు.

అంబత్తూరు వారికి ఈ సంగతి బోధపరచుట కష్టము కాదు. 1949లో ఇచ్చట టి.ఐ. సైకిళ్ళ కర్మాగారము ఏర్పడినది. పనిని మనిషికి అనువుగా అమర్చు శాస్త్రమునకై ఇంగ్లండులో పండితులు కూడినదియు ఆ యేడే; ఆ శాస్త్రమునకు ఎర్గోనామిక్సు అని పేరు. సైకిలు కొన్నవాడు మొదట చేయించుకొను పని యేది? అంగడివాడు స్పానరుతో సీటు బోల్టు వదులుచేసి, త్రొక్కువాని కాలి పొడవునకు సరిపోవునట్లు ఎత్తియో దించియో బిగించును. అరగంట ప్రయాణమునకు ఇంత శ్రద్ధ చూపు మనము, ఎనిమిది గంటల కుర్చీని అట్లే విడిచిపెట్టుట న్యాయమా?

కుర్చీని పరీక్షించుటకు పాండిత్యము అక్కరలేదు. పాదములు రెండును నేలకు ఆనవలెను. ఆననిచో పీట వేయవలెను. మోకాలి వెనుకకును సీటు అంచునకును నడుమ రెండు మూడు వ్రేళ్ళ సందుండవలెను. నడుము వంపునకు కుర్చీ వీపు ఆసరా ఇయ్యవలెను. భుజములు ఎత్తకయే మోచేతులు బల్లయెత్తున నిలువవలెను. కంప్యూటరు తెర చేయి చాచినంత దూరమున, దాని పై యంచు కన్నుల మట్టమున ఉండవలెను. పరదేశపు కుర్చీని అధిక ధరకు కొన్నంతనే అది మన వీపునకు సరిపడదు. భారతీయుల దేహపు కొలతలను దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథముగా కూర్పగా, అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థ 1997లో ప్రకటించినది. అన్నియు అమరినను నడుమనడుమ లేచి నాలుగడుగులు వేయవలెను. కదలనివానిని ఏ కుర్చీయు కాపాడలేదు.

నిలిచి పనిచేయువారికి వీలు దొరికినపుడు కూర్చుండుటకు ఆసనము లుండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము విధించినది. దుకాణములలో పనిచేయువారికి అట్టి హక్కును కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను కల్పించినవి. చట్టము ఆసనము నిప్పించును. అది తనకు సరిపోవునో లేదో చెప్పవలసినది మాత్రము కూర్చుండువారే.

మనవారికి అదియే జంకు. పొట్టకూటికై వచ్చిన చోట కుర్చీ బాగులేదనిన పనిదొంగ యందురేమో యని మన పెద్దలు నోరు మెదపక నడుములు వంచుకొనిరి. ఆ మౌనము పిల్లలకు ఆస్తిగా సంక్రమింపరాదు. కావున పాఠక సోదర సోదరీమణులకు మా విన్నపమొక్కటే. మీ యింటి యుద్యోగి రాత్రి వచ్చి వీపునొప్పి యన్నచో, నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనము తప్పక రాయుడు. రాయుచు, "అమ్మాయీ, ఆఫీసులో నీ పాదములు నేలకు ఆనుచున్నవా?" యని యడుగుడు. ఆనుట లేదనిన, మరునాడే ఆ మాటను ఆఫీసులో వ్రాతమూలకముగా చెప్పుమనుడు.